మైకులో మా తాత

మా తాత సగింతాయ్‌కి ఒక్కటే జబ్బు. ఎక్కడ జనం సంతోషంగా గుమిగూడితే అక్కడ ఆయన తప్పిపోతాడు.

మామూలు చోట్ల తప్పిపోడు. పళ్ళ డాక్టరు కోసం వెళ్ళి ఆస్పత్రి వరండాల్లో మా నాన్న దారి తెలియక తిరుగుతుంటే, తాతే చెయ్యి పట్టుకుని గది గుమ్మం దాకా దిగబెట్టాడు. కానీ శనివారమో ఆదివారమో పార్కులో రంగు జెండాలు కట్టి, డోంబ్రా తీగలు మోగించి, పిల్లల మొహాల మీద పులి మీసాలు గియ్యడం మొదలయ్యిందా, ఇక చూసుకోండి. "ఏడీ తాత?" అని ఒకరినొకరు అడిగేలోపే మాయం. ఇంకాసేపటికి లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకునేది.

"దయచేసి వినండి. వేదిక దగ్గర ఒక తాతగారు ఉన్నారు. తెల్ల ఉన్ని టోపీ, గోధుమరంగు కోటు. తప్పిపోయారు. పేరు అడిగితే 'ఇక పేరుతో పనేముంది' అంటున్నారు. ఆయన తాలూకు వాళ్ళు వెంటనే రావాలి."

ఆ తరవాత మైకు ఇంకా ఏదో చెబుతూనే ఉండేది. మేం వినేవాళ్ళం కాదు. నాన్న తిట్టుకుంటూ పరిగెత్తడంలో, అమ్మ శాలువాలో మొహం దాచుకోవడంలో, నేను నవ్వు ఆపుకోవడంలో మునిగి ఉండేవాళ్ళం.

అసలు మా ఆల్మాతిలో తప్పిపోవాలంటే చాలా కష్టపడాలి. కొండలు ఎదురుగా కనిపిస్తే పైకి వెళ్తున్నట్టు, వీపు వెనక ఉంటే కిందికి వెళ్తున్నట్టు. ఊళ్ళో ఎవర్ని దారి అడిగినా అంతకు మించి చెప్పరు. మేక కూడా ఇల్లు చేరుతుంది. పైగా మా తాత ఎవరనుకున్నారు? జీవితమంతా ఈ ఊళ్ళోనే ట్రాలీబస్సు నడిపినవాడు. ఏ మలుపులో పైన కరెంటు తీగ వదులుగా ఉంటుందో, ఏ స్టాపులో ముసలమ్మలు మెల్లగా ఎక్కుతారో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అలాంటి మనిషి బెలూన్ల కొట్టుకీ ఐస్‌క్రీం బండికీ మధ్య తప్పిపోతాడు.

ఒక ఆదివారం కుటుంబాల పరుగుపందెం పెట్టారు. రోడ్డు తిన్నగా ఉంటుంది. ఇటూ అటూ తాళ్ళు కట్టారు. మధ్యలో తప్పుకోవడానికి సందు కూడా లేదు. మేం నలుగురం ఒకే రంగు బనియన్లు వేసుకుని కలిసి బయలుదేరాం, ముగ్గురం చేరాం. నాలుగోవాడి సంగతి మైకు చెప్పింది.

"తిన్నని రోడ్డు మీద!" అన్నాడు నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ. "తిన్నని రోడ్డు మీద మనిషి ఎలా తప్పిపోతాడు?"

"రోడ్డు తిన్నగా ఉంటే సరిపోయిందా? రాత తిన్నగా ఉండొద్దూ!" అన్నాడు తాత వేదిక దిగుతూ.

ఇలాంటి మాటలకి ఆయన దగ్గర కొదవ లేదు. లోకం మీద తాతకి ఆశ లేదు. టీ బాగుంటే రేపు బాగుండదంటాడు. ఎండ కాస్తే మంచు పడబోతోందంటాడు. పక్కింటి జైనెప్ అత్తకి మనవడు పుట్టాడని చెబితే "పాపం, వాడికి కూడా పళ్ళు రావాలి, ఊడాలి" అన్నాడు. చివర్లో తప్పకుండా ఒక నిట్టూర్పు, దాని మీద ముద్ర వేసినట్టు "ఇక అంతే."

ఇంత దిగులు మనిషి ఇంట్లో కూచుంటాడా అంటే, కూచోడు. శుక్రవారం సాయంత్రమే మొదలు.

"ఇంకార్, రేపు పార్కులో ఏముందిట?" అని నన్ను అడిగేవాడు.

"ఆపిళ్ళ పండగ తాతా."

"ఏం బాగుంటుంది. ఈ ఏడాది ఆపిళ్ళు పిండిపిండిగా ఉంటాయి. వాన పడుతుంది. తొక్కిసలాట అవుతుంది. సరే, ఎన్నింటికి బయలుదేరదాం?"

తెల్లారేసరికి అందరికంటే ముందు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడేది ఆయనే. కోటు జేబుల నిండా ఉప్పటి ఖుర్త్ ఉండలు, ఉతికి మడతపెట్టిన చేతిరుమాళ్ళు. "ఎందుకు మామయ్యా ఇన్ని రుమాళ్ళు?" అని అమ్మ అడిగితే, "ఏడవడానికమ్మాయీ. బతుకు పొడుగ్గా ఉంది, రుమాలు పొట్టిగా ఉంది" అనేవాడు. మరి పెరుగు ఎండబెట్టి చేసిన ఆ ఖుర్త్ ఉండలు ఆయన తినలేడు. కట్టుడు పళ్ళు. అది మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

తాత గొంతు వినకపోయినా తాత సంగతి ఊరంతా తెలిసిపోయింది. జైనెప్ అత్త మెట్ల మీద అమ్మని ఆపి మరీ చెప్పేది. "రౌషాన్, నిన్న పూల పండగలో మీ మామగారి గురించి విన్నామే. ఈసారి మైకు చాలా స్పష్టంగా ఉంది."

అమ్మ ఇంట్లోకొచ్చి సంచీ కింద పడేసి ఏడ్చింది. "ఊళ్ళో అందరూ వాళ్ళ ముసలివాళ్ళని భుజాల మీద పెట్టుకుని చూసుకుంటారు. మనమే పండగ పండక్కీ పారేసుకుని వస్తున్నాం అనుకుంటున్నారు."

మా నాన్న బైబిత్ తాతని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఏ వారం, ఏ నెల అని అడిగింది. తాత చెప్పాడు. ఈ ఆస్పత్రికి ఎలా వచ్చారని అడిగింది. తాత దారి చెప్పి, ఆమె రోజూ ఎక్కే బస్సు కంటే తొందరగా వచ్చే బస్సు కూడా చెప్పాడు.

"జ్ఞాపకశక్తి నాకంటే బాగుంది" అంది డాక్టరు. "మనసులో దిగులు మాత్రం కాస్త ఎక్కువ."

"డాక్టరమ్మకేం తెలుసు, మా నాన్నతో ఎప్పుడైనా పండక్కి వెళ్ళిందా?" అన్నాడు నాన్న బయటికొచ్చి. ఆ రాత్రి భోజనాల దగ్గర రొట్టె తుంచుతూ తీర్పు చెప్పేశాడు.

"నాన్నా, కొత్త ఏడాది పండగ నౌరీజ్ వస్తోంది. ఊరు ఊరంతా పార్కులో ఉంటుంది. అక్కడ కూడా మైకులో మీ గురించి వినపడిందంటే మర్నాడే మిమ్మల్ని స్టెప్పీలో అక్క ఇంటికి పంపించేస్తాను. ఇక నావల్ల కాదు."

మా మేనత్త ఊరంటే మూడు ఇళ్ళు, ఒక బావి, చాలా గొర్రెలు. చుట్టూ చూపు ఆనినంత దూరం గడ్డి. అక్కడ తప్పిపోదామన్నా జనం లేరు.

తాత "ఇక అంతే" అనలేదు. అందుకే నాకు భయం వేసింది. టీ గిన్నెలోకి చూస్తూ కూచున్నాడు, అంతే. టీ చల్లారిపోయింది. చల్లారిందని కూడా సణగలేదు.

నౌరీజ్ పొద్దున అమ్మ పెట్టెలోంచి నలుపూ తెలుపూ పేనిన ఉన్నితాడు ఉండ తీసింది. మాలో పిల్లలు తొలి అడుగులు వేసేటప్పుడు ఆ తాడు కాళ్ళకి కట్టి, చురుకైన మనిషి చేత కోయిస్తారు. తాడు తెగితే బిడ్డ జీవితమంతా తడబడకుండా నడుస్తుందని. నా కాళ్ళకి కట్టగా మిగిలిన తాడు అది. దాని ఒక కొస తాత మణికట్టుకి, రెండో కొస నా మణికట్టుకి కట్టి, దేవుడు కూడా విప్పలేనట్టు ముడేసింది.

"ఇంకార్, తాతని వదిలావో, నీ పని కూడా చెబుతా."

అప్పటికి లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. కేకుల కొట్లో క్రీము పూస్తున్నాను. ఇంట్లో నమ్మి అప్పజెప్పిన మొదటి పని ఇదే. తాతా నేనూ ఒక తాడుకి రెండు మేకల్లా పార్కులోకి నడిచాం.

పార్కు కిక్కిరిసిపోయింది. ఉన్ని గుడారాలు వేశారు. పెద్ద డేగిశాలో ఏడు దినుసుల నౌరీజ్ జావ ఉడుకుతోంది. తాత ఒక గిన్నె తాగి "ఉప్పు తక్కువ, వచ్చే ఏడాది ఇది కూడా ఉండదు" అన్నాడు. మళ్ళీ రెండు గిన్నెలు తాగాడు. ఆరు కర్రల పెద్ద ఉయ్యాల మీద అమ్మాయిలు కేకలు పెడుతూ ఊగుతుంటే "తాడు తెగుతుంది" అన్నాడు. అమ్మా నాన్నా నూనెలో వేయించిన బౌర్సాక్‌ల కోసం లైన్లో నిలబడ్డారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

ఉన్నట్టుండి తాత ఆగిపోయాడు. నా చెయ్యి గుంజుకుంది.

ఉయ్యాల వెనక, టీ అమ్మే గుడారం మూల, ఐదేళ్ళుంటాయేమో, ఒక పిల్ల నిలబడి ఉంది. మొహం మీద కుందేలు మీసాలు. కన్నీళ్ళకి ఒకవైపు మీసం గడ్డం దాకా కారిపోయింది. జనం పక్కనుంచి వెళ్తున్నారు. నవ్వుతున్న జనానికి ఏడుపు కనిపించదు.

"విప్పు" అన్నాడు తాత.

"అమ్మ చంపేస్తుంది తాతా."

"నా బతుకు ఎలాగూ అంతే. నీది కూడా పోతే తోడు ఉంటుంది. విప్పు."

ఇద్దరం గోళ్ళతో, నేను పళ్ళతో కూడా ప్రయత్నించాం. అమ్మ వేసిన ముడి. రాలేదు. తాత చుట్టూ చూశాడు. పక్కనే పచ్చిక మీద తెల్లగుడ్డ పరిచి, పసిపిల్లల్ని వరసగా నిలబెట్టి, కాళ్ళకి తాళ్ళు కట్టి కోసే వేడుక నడుస్తోంది. తాత నన్ను లాక్కుంటూ వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాడు.

నీలం మఖమల్ కోటు వేసుకున్న పెద్దావిడ చిన్న చాకుతో వచ్చింది. "బిడ్డ ఏడీ?"

"నేనే" అన్నాడు తాత.

ఆవిడ కింది నుంచి పైదాకా చూసింది. "కాళ్ళకి కట్టాలి కదా, చేతికి కట్టారేం?"

"మా కోడలికి తొందర ఎక్కువ."

"వయసెంతయ్యా నీకు?"

"నడక ఇప్పుడిప్పుడే వస్తోంది. కొయ్యి తల్లీ, పుణ్యం ఉంటుంది."

ఆవిడ పగలబడి నవ్వి చాకు వేసింది. తాడు తెగింది. అలవాటు ప్రకారం చుట్టూ ఉన్నవాళ్ళు చాక్లెట్లు చల్లారు. "తడబడకుండా నడువు తాతా!" అని అరిచారు. తాత టోపీ అంచులో పడ్డ చాక్లెట్లు ఏరి జేబులో వేసుకుని, మణికట్టుకి తెగిన తాడు వేలాడుతుండగా, ఆ వయసులో ఎవరినీ నేనెప్పుడూ చూడనంత చురుగ్గా నడుచుకుంటూ పోయాడు. నేను గుడారం చాటున నక్కాను. తప్పిపోవడం ఎలా జరుగుతుందో ఇంతవరకూ మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

తాత ఆ పిల్లని పలకరించలేదు. ఆమె వైపు చూడను కూడా చూడలేదు. పక్కన పెట్టె మీద కూలబడి, గుండెలు పగిలేలా నిట్టూర్చాడు.

"ఇక అంతే."

పిల్ల ఏడుపు సగంలో ఆగింది. "ఏమైంది?"

"తప్పిపోయాను."

"నువ్వా?"

"నేనే. మా వాళ్ళు నన్నొదిలి వెళ్ళిపోయారు. ఇంత జనంలో నన్నెవరు వెతుకుతారు? వెతికినా దొరకను. నాకు భయమేస్తోంది."

పిల్ల ఏదో చెప్పబోయింది. "నేను కూడా..." అని ఆగి, ఆయన్ని ఎగాదిగా చూసింది. రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది. రెండో మీసం కూడా పోయింది.

"పెద్దవాళ్ళు ఏడవకూడదు" అంది.

"ఏడవకుండా ఎలా? నీకేం, నువ్వు ధైర్యంగా ఉన్నావు."

"మీ వాళ్ళ పేరేంటి?"

"గుర్తు లేదు."

"అయ్యో! మా అమ్మ పేరు నాకు తెలుసు, గుల్షారా. నా పేరు అయ్సులు. తప్పిపోతే వేదిక దగ్గరికి వెళ్ళాలని మా అమ్మ చెప్పింది."

"వేదిక ఎక్కడుందో నాకు తెలీదే!"

"నాకు తెలుసు. లే. చెయ్యి పట్టుకో. ఇదేంటి, ఈ తాడు?"

"నన్ను కట్టేశారు. తెగిపోయింది."

"మంచి పని చేశారు" అని, తెగిన కొసని తన చేతికి చుట్టుకుంది. "ఇప్పుడిక ఎక్కడికీ పోలేవు."

తాత ఒక రుమాలు తీసి ముక్కు చీదుకున్నట్టు నటించి, రెండోది పిల్ల చేతిలో పెట్టాడు. ఖుర్త్ ఉండ ఇచ్చాడు. అది బుగ్గన పెట్టుకుని అయ్సులు ముందు, తాత వెనక. వేదిక కట్టింది ఆయన తన బస్సు వేలసార్లు ఆపిన స్టాపుకి ఎదురుగానే. అయినా ఫౌంటెన్ దగ్గర కావాలనే పక్క దారి పట్టాడు.

"అటు కాదు తాతా! నీకు ఏమీ తెలీదు!" అని తాడు లాగింది అయ్సులు. అప్పటికి ఆ పిల్ల మొహంలో ఏడుపు జాడ లేదు. చచ్చేంత పని ఉన్న మనిషి మొహం అది.

మైకు పట్టుకునే అమ్మాయి మెరుయెర్త్ వాళ్ళని చూసి లేచి నిలబడింది. "వచ్చారా తాతా? ఈసారి ఎవరు తప్పిపోయారు?"

"ఈ తాత" అంది అయ్సులు. "వీళ్ళ వాళ్ళని పిలువు. పేర్లు కూడా గుర్తు లేవుట, పాపం."

లౌడ్‌స్పీకరు మోగింది. తెల్ల ఉన్ని టోపీ, గోధుమరంగు కోటు, పేరుతో పనేముంది అంటున్నారు. ఎక్కడో బౌర్సాక్‌ల లైన్లో మా నాన్న ఒక కేక పెట్టి ఉంటాడు. వాళ్ళ వెనకే దూరంగా నడిచి వచ్చిన నేను మాత్రం మొట్టమొదటిసారి అక్కడే నిలబడి, మిగతాది విన్నాను.

"తాతగారిని జాగ్రత్తగా తీసుకొచ్చిన ధైర్యవంతురాలు అయ్సులు ఇక్కడే ఉంది. ఆమె అమ్మ గుల్షారాగారు వచ్చి కూతుర్ని మెచ్చుకోవాలని కోరుతున్నాం."

ఇన్నేళ్ళుగా మేం కంగారులో వినని ముక్క అదీ.

నాన్న చేతిలో ఖాళీ కాగితం పొట్లంతో, ఎర్రబడ్డ మొహంతో వచ్చి పడ్డాడు. వెనక అమ్మ. "అయిపోయింది నాన్నా! ఇవాళే అక్కకి ఫోన్ చేస్తున్నా. రేపు పొద్దున్నే..."

"ఆగు!" అంది అయ్సులు నడుం మీద చేతులు పెట్టుకుని. "నువ్వెవరు?"

నాన్న తడబడ్డాడు. "ఈయన కొడుకుని."

"ఐతే ఈయన పేరు చెప్పు."

"సగింతాయ్."

"తాతా, నీ పేరు అదేనా?"

తాత చాలాసేపు ఆలోచించాడు. "అయ్యుండొచ్చు."

అంతలో జనాన్ని తోసుకుంటూ గుల్షారా వచ్చింది. కాలికి చెప్పు ఒకటే ఉంది. కూతుర్ని ఎత్తుకోబోతే అయ్సులు చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండమ్మా, ముందు ఈ తాతని అప్పజెప్పాలి." తన చేతి తాడు విప్పి నాన్న చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకో. ఈయనకి చాలా భయం. మళ్ళీ వదిలేసి పోయావంటే ఊరుకోను."

అప్పుడు గాని అయ్సులు వాళ్ళమ్మ మెడకి వేలాడలేదు. వేలాడాక మాత్రం దిగలేదు.

నాన్న తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మెరుయెర్త్ మైకు పక్కకి తిప్పి నెమ్మదిగా అంది. "అన్నయ్యా, మీకు తెలుసనుకున్నాను. పరుగుపందెం రోజు మోకాలు చీరుకుపోయిన అబ్బాయి, పూల పండగలో మాటలు రాని చిట్టిపాప. ఎప్పుడూ తాత ఒక్కరే రారు కదా. మీరే ఎప్పుడూ మొత్తం వినకుండా లాక్కుపోతారు."

నాన్న తాత వైపు చూశాడు. తాత ఆకాశం వైపు చూశాడు. "మంచు పడేలా ఉంది" అన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆయన పక్కన కూచుని అడిగాను. "ముందే చెప్పొచ్చు కదా తాతా! ఇంకాస్తయితే గొర్రెల దగ్గరికి పంపేసేవాళ్ళు."

"చెబితే నన్ను మంచివాడంటారే. అప్పుడిక ఏ మొహం పెట్టుకుని దిగులుపడను?" కాసేపు కిటికీలోంచి తీగల వైపు చూశాడు. "ఏడ్చే పిల్లకి ఏడవకు అంటే ఇంకా ఏడుస్తుంది. పని చెప్పాలి. నాకు వచ్చిన పని ఒక్కటే, దిగులు. అదే ఇచ్చా మొయ్యమని."

ఆ రాత్రి నాన్న వాళ్ళ అక్కకి ఫోన్ చేశాడు. గొర్రెలు ఎలా ఉన్నాయని అడిగి పెట్టేశాడు. అమ్మ ఆ తాడు ఉతికి పెట్టెలో దాచింది. తాత కోటు జేబులో రుమాళ్ళు తనే మడతపెట్టి సర్దడం మొదలుపెట్టింది. అయినా తాత మారలేదు. మర్నాడు టీ అడుగంటిందన్నాడు.

ఆ ఏడాది ఆపిళ్ళ పండగ రోజు అమ్మా నేనూ బెంచీ మీద కూచుని ఉన్నాం. తాత ఎప్పట్లాగే మాయం. నాన్న కూడా కనిపించలేదు. లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి. వేదిక దగ్గర ఇద్దరు తప్పిపోయినవాళ్ళు ఉన్నారు. ఒకరు తెల్ల ఉన్ని టోపీ తాతగారు. రెండోవారు కాస్త లావుగా, నల్లకోటులో ఉన్నారు. ఈయన కూడా 'నా బతుకు ఇక అంతే' అంటున్నారు గాని మధ్యలో నవ్వొస్తోంది. పేరు అడిగితే బైబిత్ అని చెప్పేశారు. తాతగారు మోచేత్తో పొడిచారు."

అలవాటు కొద్దీ నవ్వు ఆపుకుంటూ లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి కూచోబెట్టింది. "ఉండవే. మొత్తం విననీ."

"వీళ్ళిద్దరినీ జాగ్రత్తగా తీసుకొచ్చిన ధైర్యవంతులైన కవలలు ఇక్కడే ఉన్నారు. వాళ్ళ అమ్మగారు..."

"కవలలా? అదీ సంగతి, ఒక్క తాత ఎలా సరిపోతాడు!" అంది అమ్మ. "వాళ్ళమ్మ రానీ, తరవాత మెల్లగా వెళ్దాం." అని బుట్టలోంచి ఒక ఆపిల్ తీసి కొరికింది. మొహం అదోలా పెట్టింది. తాత ఏటా చెప్పినట్టే పిండిపిండిగా ఉంది.

"ఇక అంతే" అంది అమ్మ, ఇంకో ముక్క కొరుకుతూ.